జరాగు డాట్ కామ్

బేరం మధ్యలో ఫోన్ మోగింది.

మొగులప్ప చేతిలోని చాయ్ కప్పు బల్ల మీద పెట్టి, ఫోన్ చెవికి ఆనించుకుని బయటికి వెళ్లిపోయాడు.

ఎజ్రా అద్దం తలుపులోంచి చూస్తూ కూర్చున్నాడు. బీదర్ బస్టాండు వెనక వీధిలో అతనిది చిన్న ఆఫీసు. వెబ్‌సైట్లకు పనికొచ్చే పేర్లు సంపాదించి, కావలసినవాళ్లకు అమ్మడం అతని వ్యాపారం.

మొగులప్ప ఎండలో నిలబడి ఎవరితోనో మెల్లగా మాట్లాడుతున్నాడు. ఇక్కడ చాయ్ చల్లారిపోయింది. అక్కడ మాట తెగలేదు.

'ఇంకో గిరాకీ తగిలినట్టుంది. రేటు పెంచుతుండు' అనుకున్నాడు ఎజ్రా.

చివరికి మొగులప్ప లోపలికొచ్చాడు.

"ఏమనుకోకయ్యా. అర్జెంటు ఫోను."

"ఏం కాదు మామా. సంగతి సీదగ చెప్త. నీ దగ్గరున్న 'జరాగు' పేరు భీమ్‌రావ్ సేటుకు కావాల్నట. మన్నాఏఖేళ్ళి రోడ్డు మీద చాయ్ హోటళ్లు పెడుతుండు."

"ఆ పేరే ఎందుకయ్యా? పేర్లకు కరువా?"

"అసొంటిది దొరకది మామా. పొట్టిగుంది. ఒక్కసారి ఇంటే మర్వరు. తెలుగోల్లు, కన్నడమోల్లు, మరాఠోల్లు, ఎవలన్న పలుకుతరు. రాసేటప్పుడు తప్పు పోదు. తొవ్వన పోయేటోన్ని పిలిచి కూసుండబెట్టినట్టు ఉంటది. కొనేటోల్లకు గదే కావాలె."

మొగులప్ప తలూపాడు.

"నేను గూడ గందుకే పెట్టుకున్న."

"పెట్టుకోని ఏం చేస్తున్నవ్? ఆ పేజీల నీ ఫోన్ నంబరు తప్ప ఏం లేదు."

"నంబరుంటే సాలు."

"ఎంతకిస్తవో నువ్వే చెప్పు."

"అమ్మేది కాదయ్యా."

తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

"ఆశపోతు ముసలోడు" అన్నాడు ఎజ్రా, తలుపు మూసుకున్నాక.

ఇలాంటి పేర్లకు ఏటేటా ఫీజు కట్టాలి. కట్టకపోతే కొన్నాళ్లు చూసి వదిలేస్తారు. తర్వాత ఎవరైనా తీసుకోవచ్చు. ఎజ్రా ఆ గడువు మీద కన్నేసి ఉంచాడు.

ఆ వానాకాలం మొగులప్ప ఫీజు కట్టలేదు.

గడువు దాటిన పొద్దున్నే ఎజ్రా పేరు దక్కించుకుని భీమ్‌రావ్‌కు అమ్మేశాడు.

దసరాకు హోటళ్లు తెరిచారు. రోడ్డు పొడుగునా 'జరాగు' బోర్డులు. పేజీలో ఇప్పుడు పొగలు కక్కే గ్లాసు బొమ్మ, దాని కింద హోటల్ నంబరు.

పండగ వెళ్లాక భీమ్‌రావ్ ఫోన్ చేశాడు.

"ఎజ్రా, ఏం పేరు అంటగట్టినవయ్యా? ఎవలెవలో ఫోన్ చేస్తుండ్రు. చాయ్ ముచ్చటే తియ్యరు. శానసేపు సప్పుడు చెయ్యరు. అటెన్క 'పెద్దాయన లేడా' అంటరు."

"మీరేమంటుండ్రు?"

"లేడని కట్ చేస్తున్నం. మల్ల మల్ల చేస్తే బ్లాక్ చేస్తున్నం. పోయి ఆ ముసలోనికి చెప్పు, ఆయన మనుషులను ఆయనే సంభాళించుకోవాలె."

ఎజ్రా భాల్కి అవతల ఉన్న మొగులప్ప ఊరికి వెళ్లాడు.

ఇంటి ముందు మొగులప్ప భార్య సుందరాబాయి పెసలు చెరుగుతోంది. నుదుట బొట్టు లేదు.

ఎజ్రా తడబడ్డాడు.

"మామ..."

"వానకాలంల పాయెనయ్యా. దవాఖానల పడి పడి పాయె. నువ్వెవరు?"

"బీదర్ నుంచి వచ్చిన అత్తా. మామ పెట్టుకున్న పేరు ఇప్పుడు ఓ హోటల్‌కు పోయింది. ఆయన కోసమని వాల్లకు ఫోన్లు వస్తున్నయ్."

చాట ఆగింది.

"ఇంక చేస్తుండ్రా? కష్టంల ఉన్నోనికి పది అంకెలు యాదికుండయి, పేరైతే ఉంటదని పెట్టిచ్చిండు. ఊరూరు తిరిగి ఆ పేరు చెప్పొచ్చిండు."

ఆమె చాట కింద పెట్టింది.

"హోటలోల్లు వాల్లకు ఏం చెప్తుండ్రయ్యా?"

"ఆయన లేడని... పెట్టేస్తుండ్రు."

సుందరాబాయి లేచి నిలబడింది.

"వద్దయ్యా, అట్ల పెట్టెయ్యొద్దు. మా ఒక్క కొడుకు దత్తు ఆఖరుసారి ఫోన్ చేసినప్పుడు మేం ఎత్తలే. వాడు పోయినంక, పాణం తీసుకుందామనుకున్నోల్లు ఎవలు ఫోన్ చేసినా 'జర ఆగు బిడ్డా' అనుకుంట, మనసు మల్లేదాక మాట్లాడి బతికిస్తుండె మా ఆయన."