అద్దెకు ఎండ

“సంతకం ఇక్కడ పెట్టాలి పిన్నీ,” అన్నాడు వఫీఖ్, కాగితం ఆమె వైపు తిప్పుతూ. నజీహా పెన్ను పట్టుకుంది గానీ కాగితం మీద ఆన్చలేదు.

పక్క గదిలో ఆక్సిజన్ మిషన్ గుర్రుమంటోంది. ఆ చప్పుడు వినబడుతున్నంతసేపే ఆమె ప్రాణం కుదురుగా ఉంటుంది. భర్త మున్‌జిర్ ఊపిరితిత్తులు పాడై ఏడాది దాటింది. లెబనాన్‌లోని ట్రిపోలీలో సర్కారు కరెంటు చుట్టపుచూపుగా వచ్చిపోతుంది. వీధి జనరేటరువాడు తనకు బుద్ధి పుట్టినప్పుడు వేస్తాడు, బుద్ధి పుట్టినప్పుడు ఆపుతాడు. ఆపిన ప్రతిసారీ ఆమె సిలిండర్ దగ్గరికి పరిగెత్తాలి. పిల్లాజెల్లా లేని ఇల్లు, పరిగెత్తడానికి ఇంకో మనిషి లేడు.

వఫీఖ్ చెప్పేది వినడానికి బాగానే ఉంది. సోలార్ పలకలూ బ్యాటరీలూ కంపెనీవాళ్ళే మిద్దె మీద బిగిస్తారట. నెలనెలా అద్దె కడితే చాలట. చెడిపోతే బాగుచేసే పూచీ కూడా వాళ్ళదేనట. ముందుగా మాత్రం కొంత డిపాజిట్ కట్టాలి. అక్కడే వచ్చింది చిక్కు. అమ్ముకోవడానికి మిగిలింది ఒక్క జత గాజులు. జనం దాచుకున్న సొమ్మును బ్యాంకులే బిగబట్టేసిన లెబనాన్‌లో, టై కట్టుకొచ్చిన కుర్రాణ్ణి నమ్మడమెలా?

“కొంచెం టైమివ్వు బాబూ,” అంది.

“ఇస్తాను పిన్నీ. కానీ ఈ విడతలో మిగిలింది ఒక్క సెట్టే. మీ ఎదురింటివాళ్ళు కూడా అడుగుతున్నారు.”

ఆ మాటతో అనుమానం రెట్టింపైంది. తొందరపెట్టేవాడు దొంగే అయ్యుంటాడని మరిది హిక్మత్ ఎప్పుడూ అంటాడు. కబురు పెడితే అతనొచ్చి ఒప్పందాన్ని అటూ ఇటూ తిప్పి చదివాడు. షరతుల్లో వంక దొరకలేదు. ఆఫీసు ఉందో లేదో వెళ్ళి చూశాడు, ఆఫీసూ ఉంది. వంక దొరక్కపోవడమే అతనికి పెద్ద వంకగా కనిపించింది.

“కాగితాలదేముంది వదినా, ఎవడైనా అచ్చేయిస్తాడు. మనిషిని చూడాలి. వాడుండేది అబూ సమ్రా పేటలో. ఆ వీధికెళ్ళి వాళ్ళనీ వీళ్ళనీ అడుగు. పలకల ఊసు మాత్రం ఎత్తకు. ఎత్తావంటే, బేరం కుదిరితే తమకూ ఏదో ముడుతుందని తెగ పొగిడేస్తారు.”

సలహా నజీహాకు నచ్చింది. మర్నాడు ఉన్నంతలో మంచి కోటు తొడుక్కుంది. పరాయి గడపకు వట్టి చేతులతో వెళ్ళడం ఇష్టంలేక మిఠాయి పెట్టె కొంది. పక్కింటామెను మున్‌జిర్ దగ్గర కూర్చోబెట్టి బయల్దేరింది.

వఫీఖ్ వాళ్ళ ఎదురు వాటాలో ఇన్సాఫ్ అనే ఆవిడ తలుపు తీసింది. అతన్ని పుట్టినప్పట్నించీ ఎరిగిన మనిషి. ఆదరంగా కూర్చోబెట్టింది. ఆవిడ కూతురు ఏలకుల కాఫీ తెచ్చిచ్చింది. నజీహా చల్లకొచ్చి ముంత దాచినట్టు కాసేపు ఎండల గురించీ రొట్టె ధర గురించీ మాట్లాడింది. చివరికి అడిగేసింది.

“ఎదురింటి వఫీఖ్ ఎలాంటివాడక్కా? మాట మీద నిలబడతాడా?”

ఇన్సాఫ్ కప్పు కింద పెట్టి, ఆమె కోటునూ మిఠాయి పెట్టెనూ మరోసారి చూసింది.

“దేనికమ్మా?”

“ఒక విషయంలో నమ్మాలనుకుంటున్నాం. తర్వాత ఏడ్చి లాభం లేదు కదా.”

ఇన్సాఫ్ కూతుర్ని లోపలికి పంపి, గొంతు తగ్గించింది.

“నా చెల్లెలివనుకుని చెబుతున్నా. వాడి నోట నిజం రాదు. తియ్యగా మాట్లాడి పని కానిచ్చుకుంటాడు, ఆ తర్వాత మొహం చూపించడు. నా మాట విని ఆ ఊసు వదిలెయ్.”

ఎవరిని ముంచాడని అడిగితే, పేర్లు చెప్పడం పాపమంది.

నజీహా ఆ తల్లి చల్లగా ఉండాలని దారి పొడుగునా దీవిస్తూ ఇంటికొచ్చింది. వఫీఖ్‌కు వద్దని చెప్పేసింది. ఆ సెట్టు ఎదురింటి మిద్దె ఎక్కింది.

వేసవి ముదిరాక వీధి జనరేటర్ కాలిపోయింది. ఎదురింట్లో ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఇక్కడ సిలిండర్ అయిపోయి, ఇంకోటి దొరికేసరికి మున్‌జిర్ పెదాలు నల్లబడ్డాయి. ఆసుపత్రిలో ప్రాణం దక్కింది గానీ, కరెంటు పోని ఇల్లుంటేనే తీసుకెళ్ళమన్నారు డాక్టర్లు. నజీహా గాజులు పట్టుకుని కంపెనీకి పరిగెత్తింది. కొత్తగా అద్దెకివ్వడం ఆపేశామన్నారు. ఎదురింటివాళ్ళను కదిపితే, మొన్న బ్యాటరీ మొరాయిస్తే వఫీఖ్ అప్పటికప్పుడే వచ్చి మార్చి వెళ్ళాడన్నారు.

ఆ మాట ఆమెను తిననివ్వలేదు, పడుకోనివ్వలేదు. మొగుడి ఊపిరికి తానే అడ్డుపడిందా? కాదని, ఆ రోజు చేసింది మంచి పనేనని ఎవరైనా చెప్పాలి. చెప్పగలిగింది ఇన్సాఫ్ ఒక్కతే. మళ్ళీ అబూ సమ్రాకు వెళ్ళింది.

మెట్ల దగ్గరికే ఆడవాళ్ళ కేరింతలు వినబడ్డాయి. తలుపు బార్లా తీసి ఉంది. లోపల జనం, పూలు, చక్కెర పూసిన బాదంపప్పుల పళ్ళేలు. నడిమధ్య సోఫాలో కొత్త సూటు వేసుకుని వఫీఖ్ కూర్చున్నాడు. ఇన్సాఫ్ కూతురు అతని వేలికి నిశ్చితార్థపు ఉంగరం తొడుగుతోంది.

నజీహా గడప దగ్గరే ఆగిపోయింది. నోట నిజం రానివాడికి ఈ తల్లి పిల్లనెలా ఇస్తోంది?

ఆమెను చూడగానే ఇన్సాఫ్ మొహం పాలిపోయింది. గబగబా వచ్చి, చెయ్యి పట్టుకుని మెట్ల వారకు లాక్కెళ్ళి, గుప్పెడు బాదంపప్పులు చేతిలో పోసింది.

“మనసులో పెట్టుకోకు చెల్లీ, మీ అమ్మాయికీ మంచి సంబంధం దొరుకుతుంది.”