తెరకు నలుపు

మా ఆయన కంప్యూటర్ తెరంతా నల్లగా కనిపించేలా పెట్టుకున్నారు. ఆఫీసు లెక్కల ప్రోగ్రాం ఒక్కటే తెల్లగా ఉండిపోయింది. "కళ్ళు పొడిచేస్తోంది వెధవది" అని రోజూ తిట్టేవారు. నాతో ఆ మాత్రం మాటలైనా ఉండేవి కావు.

ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు కూడబలుక్కుని చదువుతూ, రంగులు మార్చే చోటు వెతికి, దాన్నీ నల్లగా మార్చాను.

వచ్చి కూర్చుని, "అరె, దానంతటదే మారిపోయిందే!" అన్నారు.

నేనే మార్చానని చెబుదామని వెనకాల నిలబడ్డాను. నల్లటి తెరలో ఆయన భుజం మీదుగా నా ముఖం కనిపించింది. ఇప్పుడైనా వెనక్కి తిరుగుతారనుకున్నాను.

"ఈ మరకేంటి?" అంటూ చొక్కా అంచుతో తెర తుడిచారు.

పక్కకు తప్పుకున్నాను.

"హమ్మయ్య, పోయింది" అన్నారు.