బండ కోసం వచ్చిన మనిషి

“ఆటోలో తెచ్చి ఈడనే దించినారంట గదా, ఆ బండ కోసం వచ్చినానమ్మా.”

గడప ముందు నిలబడ్డ పెద్దాయన మాట వినగానే దీనమ్మకు ప్రాణం లేచొచ్చింది.

పొద్దుటి నుంచి ఆమె అన్న అబ్రహాము కోసం ఎదురుచూస్తోంది. నిన్న అతను తన ట్రాలీ ఆటోలో నల్ల గ్రానైటు బండ తెచ్చి గోడకు ఆనించాడు. “రేపు మనిషిని పిల్చుకొచ్చి నేనే పరిచి పోతా దీనా” అన్నాడు. అన్న మాట నీటి మీద రాత. కురిచేడుకు బాడుగ తగిలిందని ఇందాకే ఫోను చేశాడు.

“మా అన్న పంపినాడా పెద్దయ్యా? నీ పేరేంది?”

“ఎర్రయ్య అంటారు తల్లీ. మాది అర్ధవీడు.”

అడిగినదాంట్లో సగానికే జవాబు వచ్చిందని దీనమ్మ గమనించలేదు. పని కోసం ఇంత దూరం వచ్చాడా పాపం, అనుకుంది.

ఎర్రయ్య బండ వెనక్కి వెళ్లాడు. ఆ వైపంతా మందంగా సున్నం పూసి ఉంది. గోటితో కొంచెం గీకాడు. గీకిన చోట అరచెయ్యి ఆనించి అట్లాగే ఉండిపోయాడు.

“మంచిదేనా పెద్దయ్యా? రెండు పక్కలా పాలిషంట. రెండో రకం సరుకులో చవగ్గా దొరికిందంట.”

పెద్దాయన బండ మీద చెయ్యి తీయకుండానే అడిగాడు.

“ఏంటికి తల్లీ నీకీ బండ?”

“వంట గట్టుకు. నిలబడి వండుకుందామని.” దీనమ్మ మోకాళ్లు చూపించింది. “ఈ ఫ్లోరైడు నీళ్లు తాగి తాగి బిగుసుకుపోయినాయి. పొయ్యి కాడ కూచుంటే ఎవురో ఒకరు వచ్చి లేపాల. మా ఆయన పనికని హైదరాబాదు పోయినాడు. మొన్న కూర మాడి ఇల్లంతా పొగ కమ్ముకున్నా లేవలేక గోడ పట్టుకొని ఏడుస్తా కూచున్నా.”

ఎర్రయ్య ఆ మోకాళ్ల వైపే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తువ్వాలు తలకు చుట్టుకున్నాడు.

“గోడలు ఎవురు కట్టినారు?”

“కింది వరసలు పక్కింటి యల్లయ్య మామ, పై వరసలు నేను. నేను వంగలేను, ఆయన చెయ్యెత్తలేడు.”

పెద్దాయన నవ్వాడు. వీధిలో పోతున్న కుర్రాణ్ని ఒకణ్ణి కేకేశాడు.

ఇద్దరూ బండను ఎత్తి, రెండు పొట్టి గోడల మీద పరిచిన సిమెంటు పైన మెల్లగా దించారు. దీనమ్మ చెంబుతో నీళ్లు పోసింది. నీళ్లు గోడవైపు పోకుండా ముందుకు జారాయి. మట్టం కుదిరింది.

కుర్రాడు వెళ్లిపోయాక ఎర్రయ్య తువ్వాలు తడిపి గట్టు కిందికి దూరాడు. ఎంతకీ బయటికి రాడు.

“అడుగున ఎవురు చూస్తారని తుడుస్తావు పెద్దయ్యా?”

“సున్నం అంటింది తల్లీ.”

బయటికి వచ్చాక చూస్తే కళ్లు ఎర్రగా ఉన్నాయి. సున్నం పడిందనుకుంది. కొత్త గట్టు మీద మొదట కాచిన టీ ఆయనకే ఇచ్చింది. నాయన పోయినాక అంత నెమ్మదిగా తనతో మాట్లాడిన మగమనిషి లేడనిపించింది.

“అప్పుడప్పుడు వచ్చి చూసిపోతా తల్లీ.”

“అడగాల్నా పెద్దయ్యా? నీ ఇల్లే అనుకో.”

ఆ ఆదివారమే వచ్చాడు. చేతినిండా బంతిపూలు.

“ఇవి లోపల పెట్టి పోతా తల్లీ.”

“ఎవురికి పెద్దయ్యా?”

ఎర్రయ్య వంటింటి వైపే చూస్తున్నాడు.

బాడుగ నుంచి అప్పుడే వచ్చి లోపల అన్నం తింటున్న అబ్రహాము తల ఎత్తాడు. “ఎవురు దీనా?”

“నువ్వు పంపిన ఎర్రయ్యే గదన్నా. అర్ధవీడాయన.”

“అర్ధవీడా?” అబ్రహాము చేతిలో ముద్ద కంచంలో పడింది. “నేనెవుర్నీ పంపలే!”

ఎంగిలి చేత్తోనే వీధిలోకి వచ్చి పెద్దాయన గుండెల మీద చెయ్యి వేసి తోశాడు.

“మొగుడు ఊళ్లో లేని ఆడదానికి పూలు తెస్తావా ముసలోడా!”

వీధి వీధంతా తలుపుల్లోకి వచ్చింది. ముల్లు వచ్చి పడినా చిరిగేది అరిటాకే. దీనమ్మకు సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. సిగ్గు కంటే కడుపుమంట ఎక్కువైంది.

“నాయన లాంటోడివని ఇంట్లోకి రానిస్తినే! ఇంత మోసమా!”

ఎర్రయ్య వాకిట్లో నిలిపిన ఆటోను చూశాడు. అబ్రహామును చూశాడు. ఏదో చెప్పబోయి, దీనమ్మ మోకాళ్ల వైపు చూసి నోరు మూసుకున్నాడు.

“తప్పయింది తల్లీ.”

పూలు అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. దీనమ్మ వాటిని చీపురుతో కాలవలోకి ఊడ్చేసింది. మళ్లీ ఆ మనిషి రాలేదు.

కొన్నాళ్లకు సిలిండరు అయిపోయింది. కొత్తది తెచ్చిన గ్యాసాయన ఫోను టార్చి వేసుకుని గట్టు కిందికి వంగాడు. వంగినవాడు వంగినట్టే ఉన్నాడు.

“అక్కా, ఇది సమాధి రాయి గదా!”

“ఏం మాటలవి తమ్ముడూ!”

“‘ప్రభువునందు నిద్రించినది’ అని చెక్కినారు. ఎవురో గానీ ఒక్కొక్క అక్షరంలో సున్నం గీకి శుభ్రంగా కడిగినారు.”

దీనమ్మ అన్నకు ఫోను చేసింది.

“అన్నా, ఈ బండ యాడిది?”

అవతల ఆటో ఇంజను ఆగింది.

“చెప్పన్నా!”

“నువ్వు వంగి చూడలేవు గదా అనుకుంటి దీనా...”

ఆ మాటతో ఆమె గుండె రెండు ముక్కలైంది. తోడబుట్టినవాడు ఆమె మోకాళ్లను నమ్ముకుని దొంగసొమ్ము ఆమె ఇంట్లో దాచాడు. ఆమె నోటితోనే ఇంకొకరిని మోసగాడని తిట్టించాడు.

ఫోను పక్కన పడేసింది.

“ఎవురిదో పేరు చదువు తమ్ముడూ.”

గ్యాసాయన టార్చి దగ్గరగా పెట్టి, కూడబలుక్కుంటూ చదివాడు: “సుశీలమ్మ, అర్ధవీడు. ఈ రాయి వేయించినవాడు, భర్త ఎర్రయ్య.”