జాకీ దించే ముందు

పదేళ్ళుగా షెడ్డులో మూలపడ్డ పాత కారు అది. టైరు మారిస్తేగాని కదలదు. చక్రం నట్లేమో తుప్పుతో బిగుసుకుపోయాయి. మెకానిక్కు పని చేసే మరిది వాటి మీద డీజిల్ పోసి, సుత్తితో తట్టి, పానా వేసి బలంగా తిప్పాడు. నట్టు ఊడలేదు సరికదా, జాకీ మీద గాల్లో ఉన్న చక్రమే గిర్రున తిరిగింది.

"నట్లు కూడా మీ అన్నలాగే మొండివి," అంది వదిన గుమ్మంలోంచి. "పొద్దున్నకల్లా ఈ కారు నా కళ్ళముందు ఉండకూడదు మరిదీ." లోపలికెళ్ళి తలుపేసుకుంది.

జాకీ దించి చక్రాన్ని నేలకు ఆనిస్తే తప్ప నట్టు కదలదు. పదేళ్ళ కిందట ఆ రోజూ ఇలాగే దించాడు. కారు కింద ఉన్నవాడు ఇనుము మీద రెండు దెబ్బలు కొడితే ఆగమని, ఒక్కటి కొడితే బయటికొచ్చాను, దించమని అన్నదమ్ముల లెక్క. రేడియో హోరులో అన్న కొట్టాడో లేదో వినిపించలేదు. వినకుండానే దించేశాడు. జాకీ దానంతటదే జారి అన్న పోయాడని వదినకు చెప్పాడు.

ఇప్పుడు జాకీ కడ్డీ మీద చెయ్యి వేశాడు. కారు కింద టంగు, టంగుమంది.

వంగి లైటు వేసి చూశాడు. నేల మీద పాత నూనె మరక తప్ప ఏమీ లేదు. తుప్పు రాలి ఉంటుందిలే అనుకుని మళ్ళీ కడ్డీ పట్టుకున్నాడు. మళ్ళీ రెండు దెబ్బలు, ఈసారి తొందరగా.

"ఆగాను అన్నా," అన్నాడు. "ఈసారి ఆగాను."

కడ్డీ వదిలేశాడు. తర్వాత ఒకే ఒక్క దెబ్బ వినిపించింది.

అతని వెనకాల ఎవరో చొక్కా దులుపుకుంటున్నారు.