కొండంత అండ

"కొండలోంచి విషమొస్తుందా? అది కొండా, ఫ్యాక్టరీయా డాక్టరమ్మా?"

హాలంతా గొల్లుమంది. ముందు వరుసలో కూర్చున్న పెద్దాయన మాత్రం నవ్వలేదు. ఇలాంటివాళ్ళతో కలిసి నవ్వడం ఆయనకు నామోషీ. ఆయన ఈడువాళ్ళు ఊళ్ళో ఇంకెవరూ మిగల్లేదు. అందుకే ఏ మీటింగయినా ఆయన మాటే చివరిమాట.

డాక్టరమ్మ గొంతు పెంచింది. "నవ్వులాట కాదు! మీ పిల్లల రక్తంలో సీసం ఉంది. గాలి వీస్తే ఆ కొండ దుమ్మే మీ వంటిళ్ళలోకొస్తోంది. వానొస్తే ఆ నీళ్ళే మీ బావుల్లోకి దిగుతున్నాయి. ఇవాళ మీరు ఒప్పుకుంటేనే మిషన్లొచ్చి కొండను తీసేస్తాయి."

"కొండను తవ్వి ఎలకను పట్టడమంటే ఇదే కాబోలు!" అన్నాడు టైలర్. మళ్ళీ నవ్వులు. "తప్పుంటే ఆ పాత గనిదై ఉంటుంది. అది ఊరవతల, మూతపడి యాభై ఏళ్ళు. మధ్యలో మా కొండేం చేసింది?"

పెద్దాయన చుట్టూ చూశాడు. గొర్రెలు! ఆ కొండమీద గడ్డిపరక మొలవదు. ఎందుకు మొలవదని ఈ వెర్రిబాగులవాళ్ళు ఒక్కనాడైనా అడిగారా?

వెనక వరుసలోంచి కోడలు ముందుకు వంగింది. ఒళ్ళో పాప నిద్రపోతోంది.

"మామయ్యా, మన చంటిదాని రక్తంలోనూ ఉందట. మీరొక్క మాటంటే ఊరంతా వింటుంది. తీసెయ్యమనండి."

"చదువుకున్నదానివి, నువ్వూ నమ్మావూ!" అంటూ ఆయన లేచాడు. హాలు సద్దుమణిగింది.

"అమ్మా డాక్టరూ, నువ్వు నిన్న కాక మొన్న వచ్చావు. వీళ్ళు ఆ కొండ నీడలో పుట్టి పెరిగినవాళ్ళు. కన్నతల్లిని తవ్వి పారేస్తానంటే ఊరుకుంటారా?"

చప్పట్లు మోగిపోయాయి. వద్దంటూ చేతులన్నీ లేచాయి. మిషన్లిక రావు. కోడలు చెయ్యెత్తలేదు. పాపను భుజాన వేసుకుని, ఆయన వంకయినా చూడకుండా వెళ్ళిపోయింది.

పెద్దాయన మెట్లమీద ఆగి కొండకేసి చూశాడు. 'కన్నతల్లట! ఏం చెప్పినా నమ్ముతారు వెధవలు' అనుకున్నాడు.

గని మేనేజరుగా ఆయన ఈ ఊళ్ళో అడుగుపెట్టిన నాటికి అక్కడ కొండ లేదు, చెరువుండేది. లారీలకు లారీలు గని చెత్త పోయించి, చెరువు పూడ్చి, ఆ కొండను పుట్టించింది ఆయనే.