పువ్వుల గొడుగు

కోట గుమ్మం దాటి వెనక్కి తిరిగి చూస్తే అత్తగారు లేరు.

ఆవిడ గొడుగు మాత్రం అల్లుడి చేతిలోనే ఉంది. ఎర్రెర్రని పువ్వుల గొడుగు. "పైకెత్తి పట్టుకోండి అల్లుడుగారూ, లేకపోతే ఈ జనంలో మీరు నా కంటికి ఆనరు" అని ఆవిడే ఇచ్చారు. అల్లుడు కాస్త పొట్టి. మాట నిజమే గానీ, నడివీధిలో అంత గట్టిగా అనాలా అని అతని బాధ.

నాలుగు రోజులుండి వెళ్తానని వచ్చిన మనిషి నెల దాటినా కదల్లేదు. ఎట్టకేలకు ఈ సాయంత్రం రైలుకి టికెట్టు తీశారు. వెళ్లేలోపు పాత ఊరంతా నడిచి చూడాలన్నారు. అల్లుడు ఎగిరి గంతేసి ఆఫీసుకి సెలవు పెట్టాడు. తీరా ఇప్పుడు మనిషే లేదు. రైలు తప్పిందంటే మళ్లీ ఎన్నాళ్లో! అసలు మనిషే తప్పిపోతే పెళ్లాం గడప తొక్కనిస్తుందా!

గబగబా ఆవిడకి ఫోన్ చేశాడు. అది అతని భుజానికి వేలాడుతున్న అత్తగారి సంచీలోనే మోగింది.

"ఏమండీ, ఇక మొదలుపెడతారా?"

తలెత్తి చూస్తే టోపీలు, కెమెరాలు, నీళ్ల సీసాలతో ఓ పెద్ద గుంపు. అడిగింది ముందు నిలబడ్డ మీసాలాయన.

"ఏం మొదలుపెట్టాలి?"

"పాత ఊరి నడక. గుమ్మం దగ్గర గొడుగు పైకెత్తి పట్టుకున్నాయనే గైడు అన్నారు."

"నేను గైడుని కాదండీ."

"డబ్బులు కట్టించుకున్నాక అందరిదీ ఇదే మాట" అన్నాడు మీసాలాయన.

అత్తగారిని పోగొట్టుకుని వెతుక్కుంటున్నానని అంతమందిలో చెప్పడానికి అల్లుడికి నోరు రాలేదు. ఎలాగూ ప్రతి సందూ తిరగక తప్పదు, వెనకాల వస్తే రానీ అనుకుని గొడుగు ఇంకాస్త పైకెత్తి నడిచాడు. ఆవిడకి అక్షరం కనబడితే చాలు, ఆగి చదవాల్సిందే. అందుకని శిలాఫలకం ఉన్న చోటల్లా అతనూ ఆగి అటూ ఇటూ చూశాడు. అతను ఆగితే గుంపూ ఆగింది.

"ఈ మెట్లు ఇంత ఎత్తెందుకండీ?"

"తెలీదు."

"ఈ భవనం ఎవరిది?"

"తెలీదు."

గుంపులో గొణుగుడు మొదలైంది. గడియార స్తంభం దగ్గరికి రాగానే కెమెరా పట్టుకున్న అమ్మాయి అడిగింది. "దీన్నయినా ఎవరు కట్టించారో తెలుసా?"

అల్లుడు గడియారం వంక చూశాడు. రైలు వేళ దగ్గరపడుతోంది. ఒళ్లు మండిపోయింది.

"రాజుగారు. వాళ్ల అత్తగారి కోసం."

"అబ్బ, అంత ప్రేమా!"

"ప్రేమా, పాడా! నాలుగు రోజులని వచ్చి నెలైనా కదల్లేదావిడ. ఇక వెళ్లండని నోటితో చెప్పలేక గడియారం కట్టించాడు."

గుంపు ఘొల్లున నవ్వింది. "మరి నాలుగు వైపులా ఎందుకండీ?" అన్నాడు మీసాలాయన.

"ఆవిడ ఏ గదిలో కూర్చున్నా కనపడాలిగా!"

ఇక అల్లుడి నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. బట్టల బజారు మలుపులో ఇరుకు సందు కనిపిస్తే, రాజుగారు ఇంట్లోంచి జారుకుని ఊపిరి పీల్చుకున్న దారి ఇదేనన్నాడు. పైన చిన్న కిటికీ కనిపిస్తే, కూరలో ఉప్పెక్కువైందని అత్తగారు కేకేసిన కిటికీ అన్నాడు. మధ్యమధ్య దుకాణాల్లోకి తొంగిచూసి, బూడిదరంగు శాలువా కప్పుకున్న పెద్దావిడ గానీ వచ్చారా అని మెల్లగా అడుగుతూనే ఉన్నాడు. రాలేదన్నారు.

ఊరంతా చుట్టి మళ్లీ కోట గుమ్మం దగ్గరికి వచ్చినా ఆవిడ జాడ లేదు. అక్కడ నీలం గొడుగు ఎత్తి పట్టుకుని ఒకాయన ఇంకా ఎవరికోసమో చూస్తున్నాడు. అల్లుడు ఆయన్ని పట్టించుకునే స్థితిలో లేడు. రైలు సంగతీ మర్చిపోయాడు. పెద్దావిడ, ఎక్కడ పడిపోయారో ఏమో. పొద్దున అతని కాఫీ చల్లారిపోతే, అడక్కుండానే తీసుకెళ్లి వెచ్చబెట్టి తెచ్చింది ఆవిడే.

"ఇంతకీ ఆ అత్తగారు వెళ్లారా, లేదా?" ప్రశ్న గుంపు చివర్నుంచి ఆ నోటా ఈ నోటా పడి మీసాలాయన దాకా వచ్చింది. "వెనకెవరో అడుగుతున్నారండీ" అన్నాడాయన. వెనకెవరున్నారో అల్లుడి ఎత్తుకి కనపడదు.

"వెళ్లారు" అన్నాడు. "ఆవిడ వెళ్లాక గానీ రాజుగారికి తెలిసిరాలేదు. ఇల్లంతా బోసిపోయింది. అన్నం సయించలేదు. రోజూ ఈ గుమ్మం దగ్గర నిలబడి, మళ్లీ ఎప్పుడొస్తారా అని దారి చూసేవాడు."

కెమెరా అమ్మాయి కళ్లు తుడుచుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. మీసాలాయన అల్లుడి చెయ్యి పట్టుకుని చాలాసేపు ఊపి మరీ వదిలాడు. గుంపు పలచబడ్డాక, ఆ చివర గోడ పక్కన బూడిదరంగు శాలువా కనిపించింది. అత్తగారు ఎవరిదో ఫోన్ చెవికి ఆనించుకుని మాట్లాడుతున్నారు. అల్లుడికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

"అత్తయ్యగారూ! ఎప్పట్నుంచి ఉన్నారిక్కడ?"

"గడియారం దగ్గర్నుంచి" అన్నారావిడ, ఫోన్ పక్కావిడకి తిరిగిచ్చేస్తూ.

అల్లుడి చేతిలో గొడుగు కిందికి వాలింది.

"ఇప్పుడు బయల్దేరితే రైలు ఇంకా అందుతుంది. ఆటో పిలుస్తాను, పదండి."

"ఇంకేం రైలు! ఇప్పుడే అమ్మాయికి చెప్పి టికెట్టు కాన్సిల్ చేయించాను" అంటూ ఆవిడ తన గొడుగు అందుకున్నారు. "నేను వెళ్లిపోతే అన్నం సయించదంటిరి కదా, రాజుగారూ!"