పెరటి వైద్యం

మందు గొంతు దిగాక కాసేపు ఊరుకున్నాడు. అంతలోనే మళ్ళీ మొదలుపెట్టాడు.

సుగుణ కదల్లేదు. జీవితమంతా నర్సుగా చేసిన మనిషి, ఎన్ని కేకలు వినలేదు గనక! కానీ అప్పుడు కేకలు వేసినవాళ్ళెవరూ ఆమె కూతురి కొడుకులు కారు.

రాయపూర్‌లోని ఆ ఆసుపత్రి వాళ్ళు గది కిటికీలకి దట్టమైన తెరలు కట్టారు. వెలుతురు పడితే ఉలిక్కిపడుతున్నాడు. తలుపు చప్పుడైతే వణికిపోతున్నాడు. మొహం రక్కుకుంటున్నాడని చేతులు కదలకుండా గుడ్డతో బిగించారు. ఒకటే తుమ్ములు, ఆవలింతలు. ఒళ్ళంతా చెమట. ఏది తాగించినా కక్కేస్తున్నాడు. ఇక నిద్ర మాట దేవుడెరుగు.

కోడీన్ మత్తు వదులుతున్న ఒళ్ళు అలాగే ఉంటుంది.

"ఒక్కపాలి ఆపేస్తే పీడా పోద్ది గదమ్మా," అంది నేల తుడుస్తున్న ఆయా వరహాలమ్మ. "నషా కేసుకి మళ్ళీ మత్తు మందేటి?"

"నా మనవణ్ణి నషా కేసనకు," అంది సుగుణ.

అప్పుడే లోపలికొచ్చిన డాక్టర్ మాలతి ఆ మాట విన్నది. ఇక్కడి రైల్వే క్వార్టర్లలో పెరిగిన తెలుగమ్మాయి.

"ఆపేస్తే ఫిట్స్ వచ్చేస్తాయి వరహాలమ్మా. ఒంటికి ఆదత్, అలవాటు అయిపోయింది కదా. అదే జాతి మందు కొంచెం కొంచెం ఇస్తూ, రోజూ తగ్గించుకుంటూ పోవాలి. ఇది తప్పుడు బుద్ధి కాదు, జబ్బు." తర్వాత సుగుణ వైపు తిరిగి గొంతు తగ్గించింది. "బరువు తగ్గిపోతున్నాడు ఆంటీ. నాకు అదే టెన్షన్. మందు సగం పనే చేస్తుంది. మిగతా సగం వాళ్ళమ్మ చెయ్యాలి. ఎలాగైనా తీసుకురండి."

వాళ్ళమ్మ సుప్రియ. సుగుణకి ఒక్కగానొక్క కూతురు.

సుప్రియది బీర్‌గావ్‌లో కాపురం. పొద్దున ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి ఫ్యాక్టరీల మసితో నల్లబడే చోటు. దగ్గు పట్టుకుంది, వదల్లేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు గానీ, ఆ ఇంట్లో పెరటి చెట్టే పెద్ద డాక్టరు. జ్వరమొచ్చినా, పన్ను సలిపినా అమ్మకి ఫోను. నర్సమ్మ కూతురు దగ్గుకి కూడా ఆసుపత్రికి వెళ్తుందా, నలుగురూ నవ్వరూ? సుగుణ తన సంచీలోంచి కోడీన్ ఉన్న దగ్గుమందు సీసా తీసిచ్చింది.

దగ్గు తగ్గింది. నిద్ర పట్టింది. ఒళ్ళు దూదిపింజలా తేలికైంది. దగ్గు తగ్గాక కూడా సీసా మానలేదు. పండరీ బజారుకి బట్టలకని వెళ్ళి, ఒక్కో మందుల షాపులో ఒక్కో సీసా కొనుక్కుంది. నర్సు కళ్ళు ఊళ్ళోవాళ్ళ రోగాలన్నీ పసిగట్టాయి గానీ కన్నకూతురి చేతి వణుకు చూడలేదు. ఆ తల్లి నుంచే వీడికీ అబ్బింది.

లేకలేక పుట్టినవాడు. వాడి కోసం సుప్రియ ఉపవాసాలుండని శుక్రవారం లేదు. వాడు దక్కితే చాలు, ఇంకేమీ అడగను ప్రభువా అని సుగుణ ఇప్పుడు గొణుక్కుంటోంది. చర్చిలో ఎవరికీ చెప్పలేదు. చర్చి స్నేహితురాలు రజని ఫోన్ చేసి, "వాడికెలా ఉంది వదినా, ప్రార్థనలో పెట్టమంటావా?" అంటే, కామెర్లని అబద్ధమాడింది.

సాయంత్రం అల్లుడు సునీల్ డ్యూటీ దిగి వచ్చాడు. కొడుకు వంక చూడలేక గోడ వంక చూశాడు.

"బతుకుతాడా అత్తయ్యా?"

"మొండి ప్రాణం బాబూ. బతుకుతాడు. సుప్రియ ఏమంటోంది?"

"రానంటోంది. బహుత్ సంఝాయా, ఎంత చెప్పినా వింటే కదా. ఏ మొహం పెట్టుకుని చూడను అంటోంది."

సుప్రియ కింది అంతస్తులోనే ఉంది. ఆమెకీ అదే వైద్యం. సుగుణ మెట్లు దిగి వెళ్ళేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"లే. పైకి పద."

"నా వల్ల కాదమ్మా. వాడి బతుకు నాశనం చేశాను."

"సీసా తెచ్చిచ్చిందాన్ని నేను. మరి నేనే మొహం పెట్టుకుని కూర్చున్నానే వాడి పక్కన?"

సుప్రియ ఇటు తిరిగింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"తెలిసిన రోజున నన్ను క్షమిస్తాడంటావా?"

"క్షమించడానికైనా వాడు మిగలాలి కదే."

ఆ మాట అన్నాక సుగుణకి ఏడుపు ఆగలేదు. కూతురి ముందు అంతలా ఏడవడం అదే మొదలు. సుప్రియ లేచి తల్లి భుజం పట్టుకుంది. ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో తెలియకుండా ఇద్దరూ మెట్లెక్కారు.

గదిలో మసక చీకటి. కేకలు పెట్టీ పెట్టీ వాడి గొంతు బొంగురుపోయింది. సుప్రియ మంచం దాకా వచ్చి ఆగిపోయింది.

"అచ్చం నాలాగే వణుకుతున్నాడమ్మా," అంది.

సుగుణ పొత్తిళ్ళు సర్ది, ఇంకా బొడ్డయినా ఊడని మనవణ్ణి మొట్టమొదటిసారి తల్లి చేతుల్లో పెట్టింది.